శిల నుంచి తెర దాకా: కొండగట్టు పరిసరాల్లో గ్రంథ మాధ్యమాల పరివర్తన – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

కాగితపు పుస్తకానికీ ఎలక్ట్రానిక్ పుస్తకానికీ మధ్య తారతమ్య చర్చ తెలుగులో తరచుగా రెండు అభిప్రాయాల దగ్గరే ఆగిపోతోంది. పుస్తకం చేతిలో ఉంటేనే చదివినట్టు ఉంటుందని ఒక పక్షం వాదిస్తుంది. వేల పుస్తకాలు ఒక్క పరికరంలో ఇమిడిపోతున్నప్పుడు కాగితంతో పనేమిటని మరో పక్షం ప్రశ్నిస్తుంది. రెండు వాదాలకూ పాఠకుని సౌకర్యమే గీటురాయి. రచన వైపు నుంచి చూసినప్పుడు ప్రశ్న మారుతుంది. ఒక రచన ఒక మాధ్యమం నుంచి మరొక మాధ్యమానికి చేరేటప్పుడు అందులో ఏది నిలిచింది, ఏది జారిపోయింది, దాన్ని చేర్చే బాధ్యతను ఎవరు వహించారు అన్నవి సాహిత్య చరిత్రకు సంబంధించిన ప్రశ్నలు.

ఈ ప్రశ్నల పరిశీలనకు ఉత్తర తెలంగాణలోని కొండగట్టు పరిసరాలు అనువైన క్షేత్రం. కరీంనగర్ నుంచి జగిత్యాలకు వెళ్లే రహదారికి చేరువలో, గంగాధర మండలంలో, కురిక్యాల శాసనం ఉంది. అదే దారిలో మరికొంత ముందుకు పోతే మల్యాల మండలంలో కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రం వస్తుంది. జగిత్యాల దాటి గోదావరి ఒడ్డుకు చేరితే శేషప్ప కవి శతకం చెప్పిన ధర్మపురి ఉంది. శిల, తాళపత్రం, అచ్చు పుస్తకం, తెర అనే నాలుగు మాధ్యమాల చరిత్రనూ ఈ ఒక్క దారి పొడవునా గుర్తించవచ్చు. మాధ్యమం మారిన ప్రతిసారీ ఆ మార్పు ఒక జల్లెడగా పనిచేసిందని, ఎలక్ట్రానిక్ పుస్తకం ఆ క్రమంలో వచ్చిన తాజా జల్లెడ అని, అందువల్ల కాగితమా తెరా అన్న ఎంపిక కంటే ఏది ఎలా దాటుతున్నదన్న పరిశీలనే అవసరమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శిల: నిలకడ, అందుబాటు

కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట శాసనం క్రీ.శ. 945 ప్రాంతానిదని చరిత్రకారులు నిర్ణయించారు. వేములవాడ చాళుక్య ప్రభువు రెండవ అరికేసరి ఆస్థాన కవి, కన్నడ ఆదికవి అయిన పంపని తమ్ముడు జినవల్లభుడు దీన్ని చెక్కించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఈ శాసనంలో ఉన్నాయి. తెలుగు భాగంలోని మూడు కంద పద్యాలు నన్నయ భారతానికి సుమారు నూరేళ్ల ముందే తెలుగులో కంద రచన ఉన్నదనడానికి సాక్ష్యం. అందుచేత తెలుగు పద్య చరిత్రను చెప్పేవారెవరూ ఈ శాసనాన్ని విడిచి ముందుకు పోలేరు.

మాధ్యమంగా శిలకు ఉన్న బలం నిలకడ. ఎవరూ తిరగరాయకపోయినా, ఎవరూ భద్రపరచకపోయినా ఆ పద్యాలు వెయ్యేళ్లకు పైగా నిలిచాయి. అయితే చదవదలచినవారు గుట్ట దగ్గరికే పోవాలి. లిపి తెలిసి ఉండాలి. శాసనం ఉన్నచోటనే ఉన్నా, ఇన్ని శతాబ్దాల పాటు తెలుగు ఛందస్సు చరిత్రలో దానికి స్థానం దక్కలేదు. ఇరవయ్యో శతాబ్దంలో శాసన పరిశోధకులు రాతి మీది అక్షరాలను సిరా అద్ది కాగితం మీదికి తెచ్చి, పాఠాన్ని పరిష్కరించి, అచ్చు వేయించిన తరువాతనే అవి సాహిత్య చరిత్రలోకి ప్రవేశించాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వంలో 1974లో వెలువడిన కరీంనగర్ జిల్లా శాసనాల సంపుటి వంటి ప్రచురణలకు ఉన్న విలువ ఇదే. నిలిచి ఉండడం వేరు, అందడం వేరు అన్న భేదాన్ని కురిక్యాల శాసనం స్పష్టం చేస్తున్నది. ఎలక్ట్రానిక్ పుస్తక చర్చలో ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే అనేక పొరపాట్లు జరుగుతున్నాయి.

తాళపత్రం: తిరగరాత అనే షరతు

తాళపత్రం శిలకు లేని చలనాన్ని రచనకు ఇచ్చింది. గ్రంథాన్ని ఒక ఊరి నుంచి మరో ఊరికి తీసుకుపోవచ్చు, అరువు తెచ్చి ప్రతి రాసుకోవచ్చు. కానీ పురుగు, తేమ, అగ్ని ఆకుకు శత్రువులు. కొన్ని తరాలకొకసారి ఎవరో ఒకరు పూనుకొని గంటంతో తిరిగి రాస్తేనే గ్రంథం బతుకుతుంది. అంటే తాళపత్ర యుగంలో గ్రంథం ఆయువు ఆకు మీద కంటే తిరగరాసే మనిషి అభిరుచి మీద ఎక్కువగా ఆధారపడింది. తిరగరాతలో లేఖక దోషాలు, పాఠాంతరాలు చేరడం అనివార్యం. పాఠ పరిష్కరణ శాస్త్రానికి మూలమైన సమస్య ఇదే.

ధర్మపురి కవి కాకుత్స్థం శేషప్ప రచనలు ఇందుకు చక్కని ఉదాహరణ. ఆయన నరసింహ శతకం, నరహరి శతకం, నృకేసరీ శతకం, ధర్మపురి రామాయణం అనే యక్షగానం రచించాడు. ఒకే కవి, ఒకే క్షేత్రం, ఒకే దైవం. అయినా వీటిలో నరసింహ శతకం ఒక్కటే తెలుగు దేశమంతటా వ్యాపించింది. సీస పద్యాల నడక, కంఠస్థానికి అనువైన మకుటం, భక్తితో పాటు లోకరీతిని నిష్ఠురంగా చెప్పే గుణం దాన్ని జనం నోట నిలిపాయి. నోటి ప్రచారం ఉన్న రచనను లేఖకులు తిరగరాశారు, ముద్రాపకులు అచ్చు వేశారు, నేడు తెలుగు వికీసోర్సులోనూ అది దొరుకుతుంది. మిగిలిన రచనలకు ప్రత్యేక అధ్యయనం చేసేవారే దిక్కు. ఒక రచన ఒక జల్లెడను దాటితే తరువాతి జల్లెడను దాటే అవకాశం పెరుగుతుంది. మొదటి దగ్గర ఆగిపోయినది ప్రతిసారీ మరింత వెనుకబడుతుంది. మాధ్యమ చరిత్రలో పదే పదే కనిపించే సూత్రమిది.

కాగితం: అచ్చు, గ్రంథాలయం, క్షేత్ర పుస్తకం

తాళపత్రం నుంచి కాగితానికి జరిగిన మార్పు తెలుగు ప్రాంతాలన్నిటా ఒకే వేగంతో సాగలేదు. సి.పి. బ్రౌన్ పండితులను నియమించి ప్రతులను సేకరించి, పోల్చి, కాగితం మీద శుద్ధ ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ల వారి ముద్రణాలయం కావ్యాలను, శతకాలను విస్తారంగా ప్రచురించింది. బ్రౌన్ కృషి ప్రధానంగా మద్రాసు ప్రెసిడెన్సీలో సాగింది. నిజాం రాష్ట్రంలో భాగమైన కరీంనగర్ ప్రాంతం ఆ పరిధికి వెలుపల ఉండిపోయింది. ఉర్దూ రాజభాషగా, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన భాషగా ఉన్న కాలంలో తెలుగు ముద్రణకు, పఠనానికి ప్రభుత్వ ప్రోత్సాహం కొరవడింది.

ఆ లోటును తెలంగాణలో గ్రంథాలయోద్యమం పూరించింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలిశాయి. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించాడు. ఆ సంచికను ఆత్మగౌరవ ప్రకటనగా చూడడం పరిపాటి. మాధ్యమ చరిత్ర దృష్టితో అది అంతకన్నా ఎక్కువ. ఊరూరా విడి కాగితాల్లో, రాతప్రతుల్లో చెదిరి ఉన్న పద్యాలను అచ్చులోకి చేర్చిన సామూహిక యత్నమది. ఆ చేరిక జరగకపోతే ఆ కవులలో అనేకుల పేర్లు నేడు వినిపించేవి కావు. ఒక ప్రాంత సాహిత్యం ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు సమాధానం కొన్నిసార్లు అది అచ్చులోకి చేరిందా లేదా అన్నదానిపై ఆధారపడుతుందని ఈ ఉదంతం చెబుతున్నది.

అచ్చులోకి చేరడంతోనే రచనకు రక్షణ లభిస్తుందని కూడా అనుకోరాదు. చైత్ర పౌర్ణమికి, వైశాఖ బహుళ దశమికి హనుమాన్ దీక్షాధారులు మాల విరమణకు కొండగట్టుకు తరలివస్తారు. ఇటువంటి క్షేత్రాల్లో కొబ్బరికాయల దుకాణాల పక్కనే స్థలపురాణాలు, హనుమాన్ చాలీసా, దీక్షా విధానం, భజన కీర్తనల చిరుపుస్తకాలు అమ్ముతారు. సాహిత్య చరిత్ర వీటిని పుస్తకాలుగా లెక్కించడం అరుదు. ఇటువంటి ప్రచురణల్లో ముద్రణ సంవత్సరం, సంకలనకర్త పేరు, ఎన్నో ముద్రణ అన్న వివరం తరచుగా ఉండవు. భక్తుని సంచిలో నలిగి, పూజగదిలో పసుపు కుంకుమలు అంటి, చిరిగిన తరువాత కొత్త ప్రతి కొంటారు. కొత్త ప్రతిలో పాఠం మారి ఉంటే గమనించేవారుండరు. క్షేత్ర కథ జనం నోట ఎలా ఉన్నది, అచ్చులో ఎలా స్థిరపడింది, పాత కథలోని ఏ పాత్రలు తరువాతి ముద్రణల్లో తగ్గిపోయాయి అన్న అంశాలను అధ్యయనం చేయాలంటే ఈ చిరుపుస్తకాల వరుస ప్రతులే ఆధారం. కాగితం మీద ఉండి కూడా ఇవి గ్రంథాలయానికి చేరని రచనలు.

1990ల తరువాత డీటీపీ విస్తరించడంతో ఈ చిరుపుస్తకాల అక్షరకూర్పు కంప్యూటర్ మీదికి మారింది. కానీ ఆ కూర్పు ఎక్కువగా యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలో సాగింది. అటువంటి ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. ఎలక్ట్రానిక్ రూపంలో పుట్టిన రచన కాగితం మీద మాత్రమే చదవదగినదిగా మిగలడం ఈ దశలోని వైపరీత్యం.

తెర: ఎలక్ట్రానిక్ పుస్తకం ఒక్కటి కాదు

ఎలక్ట్రానిక్ పుస్తకాన్ని ఏకవచనంలో ప్రస్తావించడం వల్ల చర్చలో అస్పష్టత ఏర్పడుతున్నది. తెలుగు పాఠకునికి అది కనీసం మూడు రూపాల్లో అందుతున్నది. మొదటిది ఛాయారూపం, అంటే కాగితపు పుటను స్కాన్ చేసిన బొమ్మ. రెండవది పాఠరూపం, అంటే యూనికోడ్ అక్షరాలతో శోధనకు వీలుగా ఉన్న పాఠం. మూడవది విక్రయరూపం, అంటే అమ్మకందారు అనుమతి పరిధిలో పరికరంలో చదువుకొనే పుస్తకం. ఈ మూడింటి గుణదోషాలు వేరు వేరు.

ఛాయారూపానికి ప్రధాన ఉదాహరణ రాజ్‌రెడ్డి చొరవతో 2000 తరువాత ఆరంభమైన మిలియన్ బుక్ ప్రాజెక్టు, దానిలో భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాదులోని ఐఐఐటీ దీనికి ముఖ్య కేంద్రంగా పనిచేసింది. వేల తెలుగు పుస్తకాలు దీని ద్వారా అందుబాటులోకి వచ్చాయి. జిల్లా కేంద్రంలో ఉన్న పరిశోధకుడు మద్రాసు, హైదరాబాదు గ్రంథాలయాల మెట్లెక్కకుండానే వందేళ్ల నాటి ముద్రణను చూడగలగడం సామాన్యమైన మార్పు కాదు. అయితే గ్రంథనామాలను రోమన్ లిపిలో అస్తవ్యస్తంగా నమోదు చేయడం, కొన్ని ప్రతుల్లో పుటలు లోపించడం ఈ సేకరణలో ప్రసిద్ధమైన లోపాలు. పేరు తప్పుగా నమోదైన పుస్తకం ఉన్నా లేనట్టే. ఆ జాలస్థలి కొంతకాలానికి అందుబాటులో లేకుండా పోయింది. దాని గ్రంథాల ప్రతులను అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చినందువల్ల అవి నేటికీ దొరుకుతున్నాయి. తాళపత్రానికి వర్తించిన తిరగరాత షరతు తెరకూ వర్తిస్తుందని ఈ అనుభవం తెలుపుతున్నది. ఒక్కచోటనే ఉన్న ఎలక్ట్రానిక్ ప్రతి, ఒకే ఇంట్లో ఉన్న తాళపత్ర ప్రతి వంటిదే.

విక్రయరూపం 2007 నుంచి ప్రపంచంలో బలపడింది. అమెజాన్ కిండిల్, ఈపబ్ ప్రమాణం రెండూ ఆ ఏడే వచ్చాయి. యాదృచ్ఛికంగా కొండగట్టు దగ్గరి నాచుపల్లిలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడినదీ అదే సంవత్సరం. తెలుగులో 2010లో ఆరంభమైన కినిగె ఈ-పుస్తకాలను అమ్మడమే కాక అద్దెకూ ఇచ్చింది. కిండిల్ 2016 చివర హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు ఆ తొలి ఐదు భాషల్లో తెలుగు లేదు. కోట్ల మంది మాట్లాడే భాష కూడా సాంకేతిక వేదిక ద్వారం దగ్గర వేచి ఉండవలసి వస్తుందని ఇది సూచిస్తున్నది. భాషకే ఆ స్థితి ఉన్నప్పుడు క్షేత్ర పుస్తకాల స్థానం ఊహించదగినదే.

అక్షరాల జల్లెడ

మాధ్యమ పరివర్తనలో జారిపోయేవి గ్రంథాలు మాత్రమే కావు, అక్షరాలు కూడా. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించింది. కానీ ప్రాచీన ముద్రణల్లో కనిపించే గుర్తులన్నీ అందులో చేరలేదు. అవగ్రహం, దంత్య చ, జ లకు ప్రత్యేక సంకేతాలు (ఽ, ౘ, ౙ) 2008లో వచ్చిన 5.1 వెర్షన్‌లో లభించాయి. పాత పుస్తకాల్లో విరివిగా కనిపించే నకార పొల్లుకు 2021లో వచ్చిన 14.0 వెర్షన్‌లో గాని ప్రత్యేక సంకేతం రాలేదు. సంకేతం ఉన్నా ఫాంటులో రూపం లేకపోతే పాఠకునికి ఖాళీ పెట్టె కనిపిస్తుంది.

ఇది కేవలం సాంకేతిక విషయంగా కొట్టివేయదగినది కాదు. శతక పాఠాన్ని టైపు చేసేవారు అరసున్నను, శకటరేఫను అనవసరమని విడిచిపెడితే ఛందస్సుకు నేరుగా నష్టం కలగకపోవచ్చు. కానీ సాధురేఫకు, శకటరేఫకు భేదం పాటించే కవి విషయంలో ప్రాస నియమ పరిశీలనకు ఆధారం పోతుంది. అరసున్న పోతే పదవ్యుత్పత్తికి సాక్ష్యం పోతుంది. తాళపత్ర లేఖకుని పొరపాటు ఒక్క ప్రతికీ, దాని నుంచి పుట్టిన ప్రతులకూ పరిమితం. తెర మీది పాఠంలో జరిగిన పొరపాటు క్షణాల్లో వందల చోట్లకు నకలవుతుంది. పైగా ఏ ముద్రణను చూసి టైపు చేశారో చెప్పని పాఠాలే ఎక్కువ. ఈ విషయంలో పుట ఛాయను, టైపు చేసిన పాఠాన్ని పక్కపక్కన ఉంచి సరిచూసే వికీసోర్సు పద్ధతి అనుసరణీయం. అక్కడ పాఠరూపానికి ఛాయారూపం సాక్షిగా నిలుస్తుంది, ఛాయారూపానికి కాగితపు ప్రతి సాక్షి.

యాజమాన్యం, పఠనం

కాగితపు పుస్తకాన్ని కొన్నవాడు దాన్ని చదవవచ్చు, దానం చేయవచ్చు, అమ్మవచ్చు, వారసులకు విడిచిపోవచ్చు. గ్రంథాలయోద్యమం ఈ హక్కు మీదనే నిలిచింది. ఒకరు కొన్న పుస్తకం ఊరందరిదీ కాగలిగింది. విక్రయరూపంలోని ఈ-పుస్తకాన్ని కొనడమంటే చాలా సందర్భాల్లో చదువుకొనే అనుమతిని కొనడమే. 2009లో హక్కుల వివాదం కారణంగా అమెజాన్ సంస్థ జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ ప్రతులను, కొన్నవారి కిండిల్ పరికరాల నుంచే తొలగించింది. విమర్శ రావడంతో క్షమాపణ చెప్పింది. అచ్చు పుస్తకం విషయంలో అమ్మినవాడు కొన్నవాని ఇంటికి వచ్చి అలమర నుంచి పుస్తకాన్ని తీసుకుపోలేడు. నిజాం పాలనలో గ్రంథాలయ సభలకు అనుమతుల చిక్కులను ఎదుర్కొన్న ప్రాంతానికి ఈ భేదం ప్రాధాన్యం వివరించి చెప్పనక్కరలేదు.

పఠన విషయంలో 2018లో ప్రచురితమైన ఒక సమగ్ర పరిశీలన 54 అధ్యయనాలను, సుమారు 1,70,000 మంది పాఠకుల ఫలితాలను క్రోడీకరించింది. సమాచార ప్రధానమైన పాఠాన్ని, ముఖ్యంగా పరిమిత కాలంలో చదివేటప్పుడు, తెర కంటే కాగితం మీద గ్రహింపు మెరుగని అది తేల్చింది. కథనాత్మక పాఠాల్లో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. దీన్నిబట్టి తెర మీద సాహిత్య పఠనమే సాధ్యం కాదనడం అతిశయోక్తి అవుతుంది, శాస్త్ర గ్రంథాల అధ్యయనంలో కాగితాన్ని పూర్తిగా విడనాడడం తొందరపాటు అవుతుంది. పరిశోధకునికి మరొక చిక్కు కూడా ఉంది. తెర పరిమాణాన్ని బట్టి పాఠం సర్దుకొనే ఈ-పుస్తకంలో స్థిరమైన పుట సంఖ్య ఉండదు కనుక ప్రమాణ నిర్దేశం కష్టమవుతుంది. మరోవైపు చూపు మందగించిన పాఠకునికి అక్షరాన్ని పెద్దది చేసి చూపడం, చూపు లేనివారికి పాఠాన్ని చదివి వినిపించడం కాగితం చేయలేని పనులు. ఒక పదం ప్రయోగాలను నిమిషంలో వెదకి చూపడం పదకోశ నిర్మాణానికి తెర చేస్తున్న మేలు.

ముగింపు

కురిక్యాల శిల నిలిచింది, కానీ చలించలేదు. ధర్మపురి శతకం తిరగరాతల వల్ల, జనం నోటి వల్ల బతికింది. కొండగట్టు వంటి క్షేత్రాల చిరుపుస్తకం వేల చేతులకు చేరినా గ్రంథాలయానికి చేరలేదు. ఎలక్ట్రానిక్ పుస్తకం ప్రసారంలో వీటన్నిటినీ మించింది, కానీ నిలకడకు తాళపత్రం లాగానే మనిషి శ్రద్ధ మీద ఆధారపడుతున్నది. ఏ మాధ్యమమూ తనకు ముందున్నదాన్ని పూర్తిగా అనవసరం చేయలేదు. శాసన పాఠం అచ్చయినంత మాత్రాన రాయి అక్కర లేకుండా పోలేదు. పాఠంపై సందేహం వచ్చినప్పుడు మళ్లీ రాతి దగ్గరికే పోవాలి. అదే న్యాయం కాగితానికీ వర్తిస్తుంది.

కాబట్టి ఉత్తర తెలంగాణ స్థానిక సాహిత్యం విషయంలో చేయవలసిన పని స్పష్టం. స్థలపురాణాలు, క్షేత్ర శతకాలు, భజన కీర్తనలు, యక్షగానాలు అచ్చయిన కాగితపు ప్రతులను ముద్రణ వివరాలతో సహా జిల్లా గ్రంథాలయాల్లో చేర్చాలి. పుటలు లోపించకుండా ఛాయారూపం తీసి ఒకటికి మించిన చోట్ల భద్రపరచాలి. హక్కుల కాలం ముగిసిన రచనలకు, లేదా హక్కుదారులు అనుమతించిన రచనలకు, ఆధారమైన ముద్రణను పేర్కొంటూ అరసున్న, శకటరేఫలను విడవకుండా యూనికోడ్ పాఠం సిద్ధం చేయాలి. భారతదేశంలో రచయిత మరణానంతరం 60 సంవత్సరాల వరకు హక్కులు ఉంటాయి. గడువు ముగిసే దాకా వేచి ఉంటే అప్పటికి ప్రతులే మిగలకపోవచ్చు. అందువల్ల సేకరణను ముందుగా, ప్రచురణను అనుమతి మేరకు చేపట్టడం ఉచితం. 2008లో కరీంనగర్‌లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం వంటి సంస్థల్లోని తెలుగు పరిశోధకులకు ఇది పరిశోధనాంశం మాత్రమే కాదు, కర్తవ్యం కూడా.

1934లో 354 మంది కవులను ఒక సంచికలోకి చేర్చినవారి ముందున్నది రాతప్రతి నుంచి అచ్చుకు దారితీసే జల్లెడ. నేడు అచ్చు నుంచి తెరకు సాగుతున్న పరివర్తన అటువంటిదే. ఈ దశలో తెరకు చేరని రచనలు లేనివిగానే భావి పరిశోధకులకు తోచే ప్రమాదం ఉంది. చిరుపుస్తకాల పాత ప్రతులు ఇంకా కొన్ని ఇళ్ల పూజగదుల్లో దొరికే కాలంలోనే ఆ సేకరణ జరగవలసి ఉంది.